సగంలో ఆగిన షెవెల్ అమ్మకం

అమెరికాలో పాత కార్ల బేరసారాలను కొంతకాలం గమనించినవారికి ఒక వింత తెలిసివస్తుంది. ఏళ్ల తరబడి కొట్టంలో కదలకుండా పడి ఉన్న కారుకు ఒక ధర పలుకుతుంది, చివరి మర దాకా పని పూర్తయి నిగనిగలాడే కారుకు మరో ధర పలుకుతుంది, ఈ రెండింటి నడుమ సగం పని జరిగి ఆగిపోయిన కారుకు మాత్రం చాలాసార్లు మొదటిదానికి వచ్చినంత కూడా రాదు. దాని మీద అప్పటికే వేల డాలర్లు ధారపోసిన యజమానికి ఇది అన్యాయంగా తోచడం సహజమే గాని, కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇందులో న్యాయం లేకపోలేదు. ఎవరూ చేయిపెట్టని కారులో తుప్పు కంటికి కనిపిస్తుంది, ఫ్యాక్టరీలో బిగించిన బోల్టు బిగించిన చోటే ఉంటుంది, ఉన్నవేవో పోయినవేవో ఒక పూటలో లెక్క తేలుతుంది. పని పూర్తయిన కారునైతే రోడ్డు మీద నడిపి చూడవచ్చు. సగంలో ఆగిన కారు పాత ఆనవాళ్లను కొన్నింటిని అప్పటికే చెరిపేసుకుని ఉంటుంది, కొత్త పని నాణ్యత తేలే దశకు ఇంకా చేరి ఉండదు. అటువంటి కారు అమ్మకంలో ధరను నిలబెట్టేవి రుజువులే. జరిగిన పని వాటి తర్వాతి మాట.

విషయం గాలిలో తేలిపోకుండా ఉండాలంటే ఒక కారును ఎదురుగా పెట్టుకోవడం మేలు, అందుకు 1969 నాటి షెవ్రొలె షెవెల్ ఎస్ఎస్ 396 అన్నివిధాలా తగినది. అమెరికన్లు 'మజిల్ కార్' అని పిలుచుకునే ఈ కోవ బండి మౌలికంగా రెండు తలుపుల మధ్యస్థ పరిమాణపు కుటుంబ కారే. పెద్ద కార్ల కోసం తయారైన భారీ వి-8 ఇంజన్‌ను దాని బానెట్ కింద కూర్చోబెట్టడంలోనే దాని విశేషమంతా ఉంది. జనరల్ మోటార్స్ సంస్థ 1960ల తొలినాళ్లలో తన మధ్యస్థ కార్లకు 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజన్ పెట్టరాదని నియమం విధించుకుంది. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ బృందం 1964లో 389 ఘనపుటంగుళాల ఇంజన్‌ను టెంపెస్ట్ లెమాన్స్ కారుకు కేవలం ఒక అదనపు ఎంపికగా చేర్చి, ఎంపికలకు ఆ నియమం వర్తించదన్న మెలిక మీద జీటీఓను బజారులోకి తెచ్చింది. అది అమ్ముడుపోయిన ఊపు చూశాక సంస్థ తన హద్దును 400 ఘనపుటంగుళాలకు జరిపింది. 396, అంటే దాదాపు ఆరున్నర లీటర్ల ఇంజన్, ఆ గీతకు లోబడి షెవెల్‌లోకి వచ్చింది. 1970 మోడళ్లకు ఆ గీత కూడా చెరిగిపోయి 454 వచ్చింది. 1969 కారులో ఈ ఇంజన్ 325, 350, 375 హార్స్‌పవర్ రకాలుగా దొరికేది. ఇవి ఎయిర్ క్లీనరు, పూర్తి సైలెన్సరు వంటివేవీ తగిలించకుండా ఇంజన్‌ను ఒంటరిగా నిలబెట్టి కొలిచిన స్థూల సంఖ్యలనీ, 1972 నుంచి అమెరికన్ కంపెనీలు ప్రకటించిన నికర సంఖ్యలతో వీటిని పోల్చరాదనీ ఎరిగిన అమ్మకందారు ప్రకటనలో అంకెల గొప్పలకు పోడు.

రుజువుల చిక్కు 1969 మోడల్‌తోనే మొదలవుతుంది. 1966 నుంచి 1968 వరకూ ఎస్ఎస్ 396 ఒక ప్రత్యేక శ్రేణి కాబట్టి, ఛాసిస్ నంబరు 138తో మొదలైతే అది అసలైన ఎస్ఎస్ అని అక్కడికక్కడే తేలిపోయేది. 1969లో షెవ్రొలె ఆ శ్రేణిని ఎత్తివేసి, జెడ్25 అనే సంకేతం గల ఎంపికల మూటగా దాన్ని మార్చింది. అందువల్ల ఆ ఏడాది తయారైన 86 వేలకు పైగా ఎస్ఎస్ 396లలో షెవెల్‌లోని మాలిబు శ్రేణి కూపే రూపంలో వెలువడినవన్నీ, చిన్న 307 ఇంజన్‌తో ఇంటి అవసరాలకు అమ్ముడుపోయిన సాదా మాలిబు కూపేల మాదిరే, 13637 అన్న అంకెలతోనే మొదలవుతాయి. మొదటి అంకె షెవ్రొలెను, తర్వాతి రెండు వి-8 మాలిబును, ఆ పైని రెండు కూపేను చెబుతాయే తప్ప, ఏ వి-8 అన్నది ఆ నంబరు చెప్పదు. గ్రిల్లు నడుమ, ముందు ఫెండర్ల మీద మెరిసే ఎస్ఎస్ బిళ్లలు ఇప్పుడు కొత్తవి తయారై దొరుకుతున్నాయి. బానెట్టూ సీటు కవర్లూ కూడా అంతే. సాదా మాలిబును తెచ్చి బిళ్లలు తగిలించి, ఎక్కడిదో పెద్ద ఇంజన్ దించి ఎస్ఎస్‌గా నిలబెట్టిన కార్లను అక్కడి వ్యాపారులు 'క్లోన్' అంటారు, మర్యాదకు 'ట్రిబ్యూట్' అంటారు. క్లోన్ అని చెప్పి అమ్మడంలో తప్పేమీ లేదు, అటువంటి కార్లకు గిరాకీ ఉంది కూడా. చెప్పకుండా అమ్మినప్పుడే పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు అది తగిన ఉదాహరణ అవుతుంది.

ఇదే పాంటియాక్ జీటీఓ అయితే, ఆనాటి ఇన్‌వాయిసుల నకళ్లను భద్రపరచిన పాంటియాక్ హిస్టారికల్ సర్వీసెస్ నుంచి ఆ కారు ఏ ఎంపికలతో ఫ్యాక్టరీ దాటిందో తెలిపే పత్రం తెప్పించుకోవచ్చు. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకు, కంపెనీ డేటాబేస్ ఆధారంగా వెలువడే మార్టీ రిపోర్ట్ ఆ పని చేస్తుంది. షెవ్రొలె విషయంలో కెనడా శాఖ తన రికార్డులను దాచుకుంది గాని, అమెరికాలో తయారై అక్కడే అమ్ముడైన కార్లకు కారువారీ చిట్టా అందుబాటులో లేదు. కాబట్టి రుజువు కారులోనే వెతుక్కోవాలి. తయారీ వరుసలో పనివారికి ఏ భాగం బిగించాలో చెప్పడానికి కారుతో పాటు నడిచిన 'బిల్డ్ షీట్' అనే కాగితం, పని ముగిశాక కొన్ని కార్లలో పెట్రోలు ట్యాంకు మీదనో సీటు స్ప్రింగుల మధ్యనో ఉండిపోయింది. వారంటీ పుస్తకానికి జోడించి తొలి యజమానికి ఇచ్చిన 'ప్రొటెక్ట్-ఓ-ప్లేట్' అనే చిన్న లోహపు రేకు మీద ఇంజన్, గేర్‌బాక్సు, వెనుక యాక్సిల్ సంకేతాలు అచ్చు పడి ఉంటాయి. పునరుద్ధరణకు పూనుకున్న మనిషి మొదటి వారంలో ఉత్సాహంగా చేసేది పాత సీట్లు చించి పారేయడం; కారు విలువలో పెద్ద భాగం ఆ స్ప్రింగులకు అంటుకుని చెత్తబుట్టలోకి పోవడం ఈ వృత్తిలో అరుదేమీ కాదు.

కాగితాలు లేనప్పుడు చూపులన్నీ ఇంజన్ మీదికి పోతాయి. బ్లాకుకు ముందు కొసన, ప్రయాణికుడి వైపు, సిలిండర్ హెడ్డు కూర్చునే తలానికి ఆనుకుని చిన్న చదునైన మెట్టు ఒకటి ఉంటుంది. దాని మీద ఇంజన్ ఫ్యాక్టరీని సూచించే అక్షరం, న్యూయార్క్ రాష్ట్రపు టొనవాండా ఫ్యాక్టరీ అయితే 'టీ', ఆ తర్వాత నెలనూ తేదీనీ తెలిపే నాలుగు అంకెలు, చివర ఇంజన్ రకాన్ని చెప్పే అక్షరాలు గుద్ది ఉంటాయి. అక్కడే కారు ఛాసిస్ నంబరులోని చివరి భాగం, అంటే సంవత్సరం, కారు ఫ్యాక్టరీ అక్షరం, ఆరంకెల క్రమసంఖ్య కూడా కనిపిస్తాయి. డ్యాష్‌బోర్డు మీది నంబరుతో ఇది కలిస్తే, ఆ కారును 'నంబర్స్ మ్యాచింగ్' అంటారు, అంటే పుట్టినప్పటి ఇంజనే ఇప్పటికీ దానిలో ఉన్నదని అర్థం. జాగ్రత్తగా శుభ్రం చేసి వెలుతురు ఏటవాలుగా పడేట్టు చూస్తే, అంకెల కింద ఈ కొస నుంచి ఆ కొసకు సాగే వెంట్రుకవాసి గీతలు కనిపిస్తాయి. బ్లాకును ఫ్యాక్టరీలో చదును చేసిన బ్రోచింగ్ యంత్రపు పళ్లు వదిలిన జాడలవి.

ఇక్కడే ఈ వృత్తిలోని ఒక విషాదం దాగి ఉంది. అరిగిన ఇంజన్‌ను శ్రద్ధగా బాగుచేసే లేతు పనివాడు, హెడ్డు గాస్కెట్ సరిగా కూర్చోవడానికి బ్లాకు పై తలాన్ని పలుచగా గీకి సమం చేస్తాడు. దాన్నే 'డెకింగ్' అంటారు. అంకెలున్న మెట్టు కూడా అదే తలంలో ఉన్నందున, ముందుగా హెచ్చరించి కాపాడుకోకపోతే ఆ కోతలో గుద్దులూ గీతలూ రెండూ తుడిచిపెట్టుకుపోతాయి. ఇంజన్ మునుపటికన్నా బాగా నడుస్తుంది, కారు మాత్రం తన పుట్టుక చెప్పుకోలేనిదవుతుంది. పోయిన అంకెలను మళ్లీ గుద్దించేవారున్నారు గాని, అంకెల కింద గీతలు లేకపోవడం, లేదా ఉన్న గీతలు గుండ్రంగా తిరగడం, అంకెల లోతు ఒక్కలా లేకపోవడం చూసి అనుభవజ్ఞులు ఆ పని పట్టేస్తారు, అటుపైన ఆ కారు గురించి అమ్మేవాడు చెప్పే ఏ మాటనూ నమ్మరు. డెకింగ్‌కు ముందు ఆ మెట్టును దగ్గరగా తీసిన ఒక స్పష్టమైన ఫోటో, లేతు షాపు బిల్లుతో కలిపి దాచి ఉంటే, కొత్తగా క్రోమ్ పూయించిన రెండు బంపర్ల కన్నా అది బేరంలో ఎక్కువ పని చేస్తుంది.

ఇంజన్ ఒక్కటే సాక్షి కానక్కరలేదు. పవర్ సాయంతో పనిచేసే ముందు డిస్క్ బ్రేకులూ, మూతకు పన్నెండు బోల్టులుండే దృఢమైన వెనుక యాక్సిలూ ఎస్ఎస్ 396తో పాటు వచ్చినవే కాబట్టి, డ్రమ్ము బ్రేకులున్న కారును చూసి కొనేవాడు కనుబొమ లేపుతాడు. ఇవన్నీ మరో కారు నుంచి తెచ్చి బిగించగలిగినవే అయినా, తేదీలు అడ్డుపడతాయి. ఇంజన్ గదికీ ప్రయాణికులకూ మధ్యనున్న గోడ మీది చిన్న ఫలకంలో 02సి అని ఉంటే ఆ బాడీ ఫిబ్రవరి మూడో వారంలో తయారైందని లెక్క. అటువంటి కారులో మే నెలలో పోత పోసిన యాక్సిల్ కనిపిస్తే, అది పుట్టుకతో వచ్చింది కాదని వేరే చెప్పనక్కరలేదు. ఆ ఫలకమే రంగునూ చెబుతుంది. 57 అంటే ఫాథమ్ గ్రీన్ అనే ముదురాకుపచ్చ. అమ్మకానికి ఎరుపే బాగుంటుందని ఆకుపచ్చ కారుకు ఎరుపు వేయించినవారు వేలమంది ఉన్నారు. తలుపు అంచుల్లోనూ డిక్కీ మూత కిందా పాత ఆకుపచ్చ తొంగిచూస్తూ ఉంటే, కొనబోయేవాడు దాన్ని మళ్లీ మార్చడానికయ్యే ఖర్చును మనసులోనే ధరలోంచి కోసేస్తాడు.

తుప్పు సంగతి వేరు. మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్లను కింది నుంచి తినేస్తుంది, అందుకే ఆరిజోనాలోనో కాలిఫోర్నియాలోనో బతికిన కారుకు ఆ మాట ఒక్కటే అదనపు విలువ తెచ్చిపెడుతుంది. షెవెల్‌కు ప్రత్యేకంగా ఒక బలహీనమైన చోటుంది: వెనుక అద్దం కింది అంచున నీరు నిలిచే కాలువ. వైనిల్ గుడ్డ పరచిన టాపు ఉన్న కార్లలో ఆ తడి గుడ్డ కింద ఆరకుండా ఉండిపోయి, రేకును తొలిచి, డిక్కీ అడుగులోకి దారి చేసుకుంటుంది. డిక్కీలో పరచిన మ్యాట్ ఎత్తి చూస్తే చాలు, పైనున్న అద్దం అంచు సంగతి తెలుస్తుంది. వెనుక చక్రాల వెనకవైపు రేకులు, పాదాల కింది నేల, ఫ్రేమ్ వెనుక భాగం తర్వాత చూడవలసినవి. టింకరింగ్ చేసినవాడు కుళ్లిన రేకును కోసి కొత్తది వెల్డింగ్ చేశాడా, లేక లప్పం పెట్టి రుద్దేశాడా అన్నది చిన్న అయస్కాంతం చెప్పేస్తుంది. లప్పం మందంగా ఉన్నచోట అది అంటదు. అందుకే సగం పనిలో ఉన్న కారుకు, అమ్మే ముందు బూడిదరంగు ప్రైమర్ కొట్టించి నునుపు చేయడం మంచి ఉద్దేశంతో చేసిన చెడ్డపని. ప్రైమర్ కింద ఏముందో తెలియనప్పుడు కొనేవాడు అత్యంత ఘోరాన్నే ఊహించుకుంటాడు. వెల్డింగ్ గీతలు నగ్నంగా కనిపించే రేకు అందవిహీనంగా ఉన్నా, అది నిజం చెబుతున్నట్టు ఉంటుంది.

అయితే అమ్మే ముందు ఏ పనీ చేయకూడదని దీని అర్థం కాదు. కారు స్టార్టయి, సొంత శక్తితో ట్రైలర్ ఎక్కి, బ్రేకు వేస్తే ఆగేట్టు చేయడానికి పెట్టే ఖర్చు దాదాపు ఎప్పుడూ తిరిగి వస్తుంది, ఎందుకంటే అక్కడితో దాన్ని కొనగలవారి సంఖ్య పెరుగుతుంది. చల్లారి ఉన్న ఇంజన్‌ను మొదటిసారి తిప్పుతున్నప్పుడు ఆపకుండా తీసిన వీడియో, చమురు పీడనం చూపే మీటరుతో సహా, ఎంత వర్ణన రాసినా చేయలేని పని చేస్తుంది. అద్దాలు, తలుపు రబ్బర్లు బిగించడం కూడా మేలే. తలుపు అంతటా ఒకే సందుతో మూసుకుంటే బాడీ వంకర పోలేదని తెలుస్తుంది. పెయింటు మాత్రం వదిలేయాలి. అన్నిటికన్నా ఖరీదైన పని అదే, పైగా కొనేవాడు తనకు నచ్చిన మనిషితో, నచ్చిన రంగుతో చేయించుకోదలచేదీ అదే. అసలు కారును అలాగే నిలబెట్టాలా, లేక పాత బాడీలో ఆధునిక ఇంజన్, బ్రేకులు పెట్టి 'రెస్టోమాడ్'గా మార్చాలా అన్న నిర్ణయం కూడా కొత్త యజమానిదే కావాలి. అసలు ఇంజన్ ఉన్న కారును అలా మార్చడం కొందరికి పాపంలా కనిపిస్తుంది; అసలు ఇంజన్ ఎప్పుడో పోయిన కారు విషయంలో ఆ బాధ అనవసరం.

ధర దగ్గర అమ్మేవాడికి అడ్డుపడేది అతని బిల్లుల ఫైలే. పెట్టిన ఖర్చంతా కూడి దానికి కారు కొన్న ధర కలిపితే వచ్చే మొత్తానికీ బజారు ధరకూ సంబంధం లేదు. ఆ ఫైలు కొనేవాడికి పని జరిగిందన్న నమ్మకం కలిగించే పత్రమే గాని, చెల్లించవలసిన బాకీల జాబితా కాదు. అమెరికన్ ధరల పుస్తకాల్లో ఒకటి నుంచి ఆరు వరకూ స్థితి సంఖ్యలుంటాయి: ఒకటి ప్రదర్శనలకు తగిన లోపరహితమైన కారు, మూడు చక్కగా నడిచే కారు, ఐదు బాగుచేయదగినది, ఆరు విడిభాగాలకే పనికివచ్చేది. సగం పనిలో ఉన్న కారు యజమాని దాన్ని ఎప్పుడూ అది కాబోయే స్థితిలోనే చూసుకుంటాడు. ఆ స్థితిలోని కారు ధరలోంచి మిగిలిన పనికయ్యే ఖర్చు తీసేసి అడుగుతాడు. కొనేవాడు ఆ ఖర్చుకు తోడు, విప్పినప్పుడు బయటపడే కొత్త నష్టాలనూ తన రెండేళ్ల వారాంతాలనూ కూడా తీసేస్తాడు. ఈ రెండో లెక్కే సరైనదని ఒప్పుకోవడం కష్టమే అయినా, అమ్మకం జరగాలంటే అక్కడికి దిగిరాక తప్పదు.

ప్రకటన రాసే తీరు దీనంతటినీ మోయాలి. 1954లో మొదలై పాత కార్ల ప్రకటనలకు పేరుపడ్డ హెమ్మింగ్స్ మోటార్ న్యూస్ పత్రిక కాలం నుంచీ, నాలుగు వరుసల్లో ఇమిడే సంకేత భాష ఒకటి స్థిరపడింది. దానిలో 'పెద్ద పనంతా అయిపోయింది' అన్న మాటను చదివేవారు చిన్న పని కొండంత మిగిలిందని అర్థం చేసుకుంటారు. ఏది ఎవరు చేశారు, ఏది చేయలేదు, ఏది తెలియదు అన్న వరుసలో రాసిన ప్రకటనకు ఫోన్లు తక్కువ వస్తాయి, వచ్చినవి మాత్రం నిలబడతాయి. విప్పిన భాగాలను సంచుల్లో వేసి పేర్లు రాసి, అన్నింటినీ నేల మీద పరచి తీసిన ఫోటో తప్పనిసరి. కారు కింది భాగం ఫోటోలు బానెట్ ఫోటోల కన్నా ఎక్కువగా ఉండాలి. డెట్రాయిట్ శివార్లలో ట్రాయ్, నోవై ప్రాంతాల్లో మోటారు పరిశ్రమను నమ్ముకుని స్థిరపడ్డ తెలుగు ఇంజనీర్లు, ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచీ సాగుతున్న డ్రీమ్ క్రూజ్‌కు వెళ్తే, ఈ బేరాల భాషను ఉచితంగా నేర్చుకోవచ్చు.

కాగితాల్లో ముఖ్యమైనది రాష్ట్రం జారీచేసే టైటిల్, అంటే యాజమాన్య పత్రం. మన ఆర్‌సీ చేసే పనుల్లో యాజమాన్యానికి సంబంధించిన భాగాన్ని అక్కడ అది చేస్తుంది. అది అమ్మేవాడి పేరు మీదనే ఉండాలి. వెనకటి యజమాని సంతకం చేసిన టైటిల్‌ను తన పేరుకు మార్చుకోకుండా అలాగే మూడో మనిషికి అందించడం అనేక రాష్ట్రాల్లో నేరం. దాని మీది నంబరు, విండ్‌షీల్డ్‌లోంచి కనిపించేట్టు డ్యాష్‌బోర్డు మీద రివెట్లతో బిగించిన ఫలకంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఆ ఫలకాన్ని దురుద్దేశంతో ఊడదీయడం, మార్చడం ఫెడరల్ నేరం కాబట్టి, డ్యాష్‌కు రంగు వేయడానికి రివెట్లు విప్పి మళ్లీ బిగించిన అమాయకుడు కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. బ్యాంకు చెక్కు ఎంత అసలైనదిగా కనిపించినా, బ్యాంకు శాఖలో కూర్చుని చెల్లింపు నిర్ధారించుకున్నాకే టైటిల్ చేతులు మారాలి. అడిగిన ధర కన్నా ఎక్కువకు చెక్కు పంపి, మిగతాది తిరిగి పంపమనే మోసం ఈ బజారులో పాతదే. లాభం వస్తే పన్ను పడుతుంది, సొంత వాడకపు కారు మీద నష్టం వస్తే దాన్ని పన్ను లెక్కలో చూపుకోనివ్వరు. సగంలో ఆగిన కార్లలో అధిక భాగం రెండో కోవకే చెందుతాయి గనుక, ఈ నిబంధన ఎవరి మేలు కోరి పుట్టిందో చెప్పనక్కరలేదు.

ఎంతకీ మొత్తంగా అమ్ముడుపోని కారును విప్పి విడిభాగాలుగా అమ్మితే ఎక్కువ వస్తుందన్న ఆశ చివరికి తలెత్తుతుంది, కొన్నిసార్లు అది నిజం కూడా అవుతుంది. డిస్క్ బ్రేకులు, పన్నెండు బోల్టుల యాక్సిల్, అసలు సీట్ల చట్రాలు వేగంగా పోతాయి. మిగిలిన కళేబరాన్ని తరలించడానికి ఎదురు డబ్బు ఇవ్వవలసి రావచ్చు. అసలు గుద్దులున్న ఇంజన్ బ్లాకు సంగతి మాత్రం విచిత్రం. తన కారులోంచి యాభై ఏళ్ల కిందట ఎవరో మార్చేసిన ఇంజన్ కోసం క్రమసంఖ్య పట్టుకుని వెతికేవారు ఉన్నారు, అమ్మకానికి వచ్చిన ప్రతి బ్లాకు మెట్టునూ వారు దగ్గరగా చూస్తారు. దొరికినప్పుడు, మామూలు 396 బ్లాకుకు బజారు ఇచ్చే ధరతో నిమిత్తం లేకుండా, ఆ ఆరు అంకెలు తన డ్యాష్‌బోర్డు మీద ఉన్న ఒకే ఒక మనిషి ఎంత ఇవ్వగలడన్నదే దాని ధర అవుతుంది.